మన విమానాల మీది ‘వి.టి.’

భారతీయ విమానం ఏ దేశంలో దిగినా దాని ఒంటి మీద మొదట కనిపించే గుర్తు ‘వి.టి.’ ఈ రెండక్షరాలు ‘వైస్రాయ్స్ టెరిటరీ’కి, అనగా వైస్రాయి ఏలుబడిలోని భూమికి, సంక్షిప్తరూపమని చాలాకాలంగా ప్రచారంలో ఉంది. పార్లమెంటులో ఈ మాట వినిపించింది. 2022లో వ్యాజ్యరూపంలో ఢిల్లీ హైకోర్టు ముందుకూ వచ్చింది. ఆ ఆవేదన అర్థం చేసుకోదగినదే. కాని చరిత్ర చెప్పేది వేరు. ఒక విధంగా అందుకు విపరీతం.

ఈ అక్షరాలు విమానాల కోసం పుట్టలేదు, రేడియో నుంచి వచ్చాయి. నిస్తంత్రీ వార్తలు సముద్రాలు దాటసాగిన తొలినాళ్ళలో, పిలుస్తున్న కేంద్రం ఏ దేశానిదో గుర్తించడం కష్టమయ్యేది. 1912 నాటి లండన్ సమావేశం, 1927 నాటి వాషింగ్టన్ సమావేశం ఈ అవ్యవస్థను సరిదిద్ది, రోమన్ లిపిని దేశాలవారీగా పంచిపెట్టాయి. అమెరికాకు ‘కె’, ‘డబ్ల్యు’ వంటివి దక్కాయి. ‘వి’లో అధికభాగం బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాలది. అందులో ‘వి.టి.ఎ.’ మొదలు ‘వి.డబ్ల్యు.జడ్.’ వరకు భారతదేశపు వాటా. ఈ పంపకంలో సామ్రాజ్యపు నీడ లేదనలేము. అయితే వైస్రాయి బిరుదే ఎరుగని ఆస్ట్రేలియాకూ ‘వి’యే వచ్చింది! 1869 నుంచి అంతర్జాతీయ టెలిగ్రాఫ్ సంఘంలో ప్రత్యేక సభ్యత్వం ఉన్నందున, పరాధీన దశలోనూ పట్టికలో మనకు విడిగా ఒక వరుస ఉన్నది.

ఆకాశవాణి కేంద్రాలు ఆ వరుసలోని ‘వి.యు.’ను స్వీకరించాయి. మూడవ అక్షరం ఊరిది: బొంబాయి ‘వి.యు.బి.’, కలకత్తా ‘వి.యు.సి.’, ఢిల్లీ ‘వి.యు.డి.’ 1938 జూన్ 16న ఆరంభమైన మద్రాసు కేంద్రం ‘వి.యు.ఎం.’ తెలుగు శ్రోతలకు విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు దాకా లేదు కనుక, వారికి అంతకుముందు పరిచయమైన ఆకాశవాణి ఈ ‘వి.యు.ఎం.’దే.

ఇక విమానాల సంగతి. 1919 పారిస్ ఒడంబడిక ప్రకారం సామ్రాజ్యమంతటికీ బ్రిటన్ అక్షరమైన ‘జి’యే గుర్తు. మన విమానాలు ‘జి-ఐ’ పేరుతో ఎగిరేవి. ఆ ‘ఐ’ ఉపసర్గ మాత్రమే. 1929లో దాని స్థానంలో రేడియో వరుస నుంచి ‘వి.టి.’ వచ్చింది. అనగా దేనిని దాస్యచిహ్నమంటున్నామో, అదే మన విమానాలను బ్రిటన్ అక్షరం నుంచి విడదీసిన గుర్తు. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి టపా మోసుకొని జె.ఆర్.డి. టాటా బొంబాయికి నడిపిన చిన్న విమానం ‘వి.టి.-ఎ.డి.ఎన్.’

దేశవిభజన తరువాత పాకిస్తాన్ ‘ఎ.పి.’ తీసుకున్నది. మనం పాత వరుసను నిలుపుకున్నాము. ఔత్సాహిక రేడియోవారి ‘వి.యు.’ కూడా అందులోనిదే. అండమాన్ నికోబార్‌కు ‘వి.యు.4’, లక్షద్వీప్‌కు ‘వి.యు.7’ అని అంకెతో ప్రాంతం తెలుస్తుంది.

మార్చుకుందామంటే అడ్డంకి మరొకటి ఉంది. విమానపు జాతీయ చిహ్నాన్ని ఆ దేశానికి కేటాయించిన రేడియో వరుసల నుంచే ఎంచుకోవాలి. ‘ఐ.ఎన్.’ ఇటలీ వాటాలోనిది, ‘బి.హెచ్.’ చైనాది, ‘హెచ్.ఐ.’ డొమినికన్ రిపబ్లిక్‌ది. మనకు మిగిలినవి ‘ఎ.టి.’ నుంచి ‘ఎ.డబ్ల్యు.’ వరకు, ‘8టి’ నుంచి ‘8వై’ వరకు. వీటిలో భారతదేశం పేరు ఎక్కడ ధ్వనిస్తుందో వెదకవలసిందే.