గెలిచిన తర్వాత

ఇబ్రహీంపట్నం నుంచి మంచాల దాటి తూర్పుకు పోతే రాచకొండ గుట్టలు వస్తాయి. ఆ గుట్టల మీద 14వ శతాబ్దంలో రేచర్ల నాయకులు కట్టించిన కోట గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. గుట్టలకు ఇటువైపు, ఈ ఊరికి పేరిచ్చిన గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలం నాటిదని చెప్పుకునే పెద్దచెరువు ఉంది. ఈ రెండు పేర్ల వెనకా ఒకే తీరు కథ ఉంది. శత్రువు ఎదుట ఏకమైనవాళ్లు గెలిచాక ఎవరి దారిన వాళ్లు పోయారు. మన ఊళ్ల చర్చిల్లో సమూయేలు గ్రంథాలు, రాజుల గ్రంథాలు చదివేవాళ్లకు ఇదే కథ ఇశ్రాయేలీయుల, ఫిలిష్తీయుల పేర్లతో తెలుసు. ఈ కథలను పక్కపక్కన పెట్టి చదివితే, కూటములు ఎక్కువగా ఇంట్లో తేలని పంపకాల దగ్గరే కూలాయని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఫిలిష్తీయులు సముద్రం దాటి వచ్చినవాళ్లు. క్రీ.పూ. 1175 ప్రాంతంలో ఈజిప్టు రాజు మూడో రామ్సెస్ తాను ఓడించానని గుడి గోడల మీద చెక్కించుకున్న తెగల్లో వీళ్ల పేరూ ఉంది. అష్కెలోనులో ఇళ్ల నేల కింద పూడ్చిన పసిబిడ్డల ఎముకలను పరీక్షిస్తే దక్షిణ ఐరోపా మూలాలు కనిపించాయని 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. గాజా, అష్కెలోను, అష్డోదు, ఎక్రోను, గాతు వీళ్ల ఐదు పట్టణాలు. పట్టణానికో సర్దారు ఉన్నా యుద్ధమంటే ఐదుగురూ కలిసే కదిలేవారు. ఎదుట కొండల మీద ఉన్న ఇశ్రాయేలు గోత్రాలకు రాజు లేడు. ఆపద వచ్చినప్పుడు ఒక న్యాయాధిపతి లేచేవాడు, కొన్ని గోత్రాలు కలిసి వచ్చేవి, మిగతావి ఇళ్ల దగ్గరే ఉండిపోయేవి.

ఆ బలహీనత ఎంత లోతుకు పోయిందో సమూయేలు మొదటి గ్రంథం 13వ అధ్యాయం చెబుతుంది. ఇశ్రాయేలు దేశమంతటా ఒక్క కమ్మరి లేడు. నాగలి కర్రు, గొడ్డలి సానబట్టించుకోవాలన్నా రైతు కొండ దిగి శత్రువు కొలిమి దగ్గరికే వెళ్లాలి, అడిగినంత ఇచ్చుకోవాలి. ఆ ధరను చెప్పే ‘పీము’ అనే మాటకు అర్థం పండితులకు చాలాకాలం తేలలేదు. తవ్వకాల్లో అదే మాట చెక్కిన చిన్న తూకపు రాళ్లు దొరికాయి. ఒక్కోటి ఏడున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. అంత వెండి పోస్తేనే కర్రు పదునెక్కేది. పొలం దున్నడానికే పగవాడికి కప్పం కట్టాల్సిన జనం రాజును కోరుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

మొదటి రాజు సౌలు చిన్న గోత్రమైన బెన్యామీను నుంచి వచ్చాడు. ఆయన తర్వాత దావీదు ఏడున్నరేళ్లు హెబ్రోనులో ఒక్క యూదా గోత్రానికే రాజు. ఉత్తర గోత్రాల పెద్దలు వచ్చి నిబంధన చేసుకున్నాకే అందరికీ రాజయ్యాడు. అప్పుడు రాజధానిగా తన వాళ్ల హెబ్రోనును ఉంచుకోలేదు, ఏ గోత్రానికీ చెందని యెబూసీయుల యెరూషలేమును ఎంచుకున్నాడు. ఈ ఒక్క నిర్ణయానికి ఆయన గెలిచిన యుద్ధాలన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను. ఇంకొకటీ ఉంది. సౌలు తరిమినప్పుడు దావీదు తలదాచుకున్నది గాతు రాజు ఆకీషు దగ్గరే. తర్వాత సొంత కొడుకు అబ్షాలోము తిరగబడిన రోజున, గాతు నుంచి వచ్చిన ఇత్తయి ఆరువందల మందితో దావీదును విడవకుండా నిలబడ్డాడు.

ఆ కూర్పు మనవడి కాలానికే చెడింది. దావీదు కొడుకు సొలొమోను కట్టడాలకు వెట్టి చేసి అలసిన ఉత్తర గోత్రాలు షెకెములో అతని కొడుకు రెహబామును ఒక్కటే అడిగాయి: మా కాడి తేలిక చెయ్యి. పెద్దలు ఒప్పుకోమన్నారు, రాజు వినలేదు. పైగా వెట్టిపనుల అధికారినే వాళ్ల మీదికి పంపాడు. జనం అతన్ని రాళ్లతో కొట్టి చంపారు. క్రీ.పూ. 930 ప్రాంతంలో రాజ్యం ఉత్తరాన ఇశ్రాయేలుగా, దక్షిణాన యూదాగా రెండైంది. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం ఏమైందో చూసిన తెలంగాణకు ఈ ఘట్టాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. విడిపోవడంతోనే కీడు ఆగలేదు. యూదా రాజు ఆహాజు పొరుగున ఉన్న ఇశ్రాయేలు తన మీదికి దండెత్తితే, దేవాలయంలోని వెండి బంగారాలు పంపి అష్షూరు రాజును పిలిచాడు. కొన్నేళ్లకే, క్రీ.పూ. 722 ప్రాంతంలో, ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను కూలింది. క్రీ.పూ. 586లో బబులోను చేతిలో యెరూషలేమూ కాలిపోయింది. పట్టణానికో సర్దారుగానే ఉండిపోయిన ఫిలిష్తీయులు అంతకు ముందే, అదే బబులోను దండు కింద చితికిపోయారు.

మన దగ్గర ఆ ఆపద 1323లో వచ్చింది. ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాయి. బందీగా పోతున్న కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడు. ఆ తర్వాతి రోజులను ముసునూరి ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం వర్ణిస్తుంది. పండిన పంట రైతుకు దక్కలేదు, ఉన్నవాడూ లేనివాడూ అన్న తేడా లేకుండా కుటుంబాలు చితికిపోయాయి. ప్రోలయ, అతని తర్వాత కాపయ నాయకులను కూడగట్టారు. అద్దంకి వేమారెడ్డి, రేచర్ల సింగమనాయకుడి వంటివారు ఈ కూటమిలో ఉన్నారని చరిత్రకారులు రాశారు. కాపయను డెబ్బయ్యైదుగురు నాయకులు కొలిచారని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం చెబుతుంది. 1336 ప్రాంతంలో ఓరుగల్లు తిరిగి చేతికొచ్చింది. అక్కడి నుంచి వెళ్లగొట్టబడిన ఢిల్లీ అధికారి మాలిక్ మక్బూల్ కూడా ఒకప్పుడు కాకతీయుల కొలువులో ఉన్న తెలుగువాడే.

గెలిచిన నాయకుల మధ్య ఎవరి భూమి ఎంత, ఎవరి మాట పైన అన్న లెక్క మాత్రం తేలలేదు. దావీదుకు దొరికిన యెరూషలేము లాంటి ఉమ్మడి చోటు వీళ్లకు దొరకలేదు. కాకతీయుల ఓరుగల్లు ముసునూరి వారిదైపోయిందన్న గుర్రు మిగతా ఇళ్లలో ఉండి ఉంటుందని నా ఊహ. బహమనీ రాజ్యం పుట్టుకకు సాయపడిన కాపయ మీదికే బహమనీలు దండెత్తారు. 1364 ప్రాంతంలో అతను గోల్కొండను వదులుకోవాల్సి వచ్చింది. అలా చిక్కిపోయిన కాపయను చివరికి కూల్చింది మాత్రం బహమనీలు కాదు. 1368 ప్రాంతంలో భీమవరం దగ్గర రేచర్ల వారితో జరిగిన యుద్ధంలో అతను చనిపోయాడు. ఆ వెంటనే రేచర్ల అనపోతనాయకుడు ఆంధ్రదేశాధీశ్వరుడన్న బిరుదు ధరించాడు. మిగతా నాయకులు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారని అనితల్లి శాసనం ఒక్క ముక్కలో తేల్చేసింది. కొండవీటి రెడ్లతో, విజయనగరంతో కలహాల్లో రాచకొండ చాలాకాలం బహమనీల అండ తీసుకుంది. సర్వజ్ఞుడని పేరుపొందిన సింగభూపాలుడు రసార్ణవసుధాకరం రాసింది ఈ కోట నుంచే. అంత విద్య ఉన్న ఇల్లు కూడా పొరుగింటితో పొత్తు కుదుర్చుకోలేకపోయింది. 1425 నాటికి ఓరుగల్లు, మరికొన్నేళ్లకు రాచకొండ బహమనీల పాలయ్యాయి.

ఆ బహమనీ రాజ్యమూ అహ్మద్‌నగర్, బీజాపూర్, గోల్కొండ, బీదరు, బేరారు అని ఐదు ముక్కలైంది. 1543లో గోల్కొండ సుల్తాను కులీ హత్యకు గురయ్యాక, ఆయన కొడుకు ఇబ్రహీం అన్న జంషీదుకు భయపడి విజయనగరం చేరి ఏడేళ్లు అక్కడి పాలకుడు రామరాయల నీడన బతికాడు. తెలుగు నేర్చుకున్నాడు. సుల్తానయ్యాక తెలుగు కవులు అతన్ని మల్కిభరాముడన్నారు, అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చాడు. ఆకీషు దగ్గర బతికిన దావీదులాగే ఇతనూ ఆశ్రయమిచ్చిన రాజ్యం మీదికే కత్తి దూయాల్సి వచ్చింది. సుల్తానులను ఒకరి మీదికి ఒకరిని ఎగదోస్తూ వచ్చిన రామరాయల మీద ఆ సుల్తానులే ఏకమయ్యారు. అహ్మద్‌నగర్ రాకుమార్తె చాంద్ బీబీని బీజాపూర్ సుల్తానుకిచ్చి, ఏళ్ల తరబడి తగువులాడుకున్న షోలాపూర్ కోటను కట్నంగా రాసిచ్చారు. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో రామరాయలు చనిపోయాడు, విజయనగరం పాడుబడింది.

ఆ పొత్తు ఉమ్మడి శత్రువుతోనే ముగిసింది. 1574లో బేరారును అహ్మద్‌నగర్ మింగింది, 1619లో బీదరును బీజాపూర్ కలుపుకుంది. 1636లో అహ్మద్‌నగర్, 1686లో బీజాపూర్ మొగలుల వశమయ్యాయి. ఒంటరిగా మిగిలిన గోల్కొండను ఔరంగజేబు దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించినా గోడలు లొంగలేదు. 1687 సెప్టెంబరులో ఒక రాత్రి, లోపల కావలి ఉన్న సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం పుచ్చుకుని తలుపు తీశాడు.