పడవకి సరిపడా చెట్టు

సముద్రాన్ని కాపాడుకోవాలని పిల్లలకి నేర్పే తెరచాప యాత్రలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. వాటిలో హవాయి పడవ హోకూలేఅ చరిత్ర నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఎందుకంటే ఆ పడవని పర్యావరణం కోసం కట్టలేదు, ఒక వాదన తేల్చడానికి కట్టారు.

పాలినేషియన్లు దూరపు దీవులకి దారి తెలిసి వెళ్లలేదనీ, గాలికి కొట్టుకుపోయి చేరారనీ 1956లో ఆండ్రూ షార్ప్ ఒక పుస్తకం రాశాడు. పూర్వీకుల తెలివిని కొట్టిపారేసే మాట అది. దాన్ని సముద్రం మీదే పరీక్షిద్దామని 1973లో మానవశాస్త్రవేత్త బెన్ ఫిన్నీ, చిత్రకారుడు హెర్బ్ కానే, టామీ హోమ్స్ కలిసి పాలినేషియన్ వోయేజింగ్ సొసైటీ పెట్టారు. 1975లో 62 అడుగుల జంట పడవ నీళ్లలోకి దిగింది. హోకూలేఅ అంటే ఆనంద తార. మనం స్వాతి అని పిలుచుకునే నక్షత్రమే. అది హవాయికి దాదాపు నడినెత్తిన వెళ్తుంది. దక్షిణం నుంచి తిరిగొచ్చే నావికుడికి అదే ఇంటి గుర్తు. మన శ్రీకాకుళం మీదుగానూ దాదాపు అలాగే వెళ్తుంది, మనం తలెత్తి చూడంగానీ.

పడవైతే వచ్చింది. దిక్సూచి లేకుండా నడిపేవాడు మాత్రం హవాయిలో ఒక్కడూ మిగల్లేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు ‘బస్ ఫ్యాక్టర్’ అంటుంటారు. ఎంతమంది లేకుండా పోతే ప్రాజెక్టు ఆగిపోతుందో చెప్పే లెక్క. హవాయిలో ఆ లెక్కకి మనుషులే లేరు.

అందుకే మైక్రోనేషియాలోని సతవాల్ అనే చిన్న దీవి నుంచి మౌ పియాయిలుగ్‌ని పిలిపించారు. తాత దగ్గర చిన్నప్పుడే విద్య నేర్చుకున్నవాడు. నక్షత్రాలు ఉదయించే చోట్లు, అలల తీరు, పక్షుల రాకపోకలు, ఇవే ఆయన పరికరాలు. 1976లో నెలకి పైగా ప్రయాణించి పడవని తహితీ చేర్చాడు. రేవులో వేలమంది ఎదురొచ్చారు. షార్ప్ వాదన అక్కడే బలహీనపడింది.

కథ ఇక్కడితో అయిపోతే ఇది ఒక విజయగాథ మాత్రమే. 1978లో రెండో యాత్ర మొదలైన కొన్ని గంటలకే పడవ తిరగబడింది. సాయం తెస్తానని సర్ఫ్‌బోర్డు మీద బయల్దేరిన ఎడ్డీ ఐకావు మళ్లీ కనపడలేదు. ఆ తర్వాత నైనోవా థాంప్సన్ అనే హవాయి యువకుడు, విద్య నేర్పమని మౌని అడిగాడు. కుటుంబం దాటి నేర్పకూడదన్నది ఆచారం. కానీ సతవాల్ కుర్రాళ్లకే ఆ విద్య మీద ఆసక్తి తగ్గిపోతోంది. ఆచారమా, విద్యా అన్న చోట మౌ విద్యని ఎంచుకున్నాడు. 1980లో నైనోవా పరికరాలు లేకుండా తహితీ వెళ్లి తిరిగొచ్చాడు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన ఘట్టం దీని తర్వాతది. హోకూలేఅలో ఫైబర్‌గ్లాస్, ప్లైవుడ్ ఉన్నాయి. ఈసారి పూర్వీకుల్లా చెట్టు మానుతోనే కడదామనుకున్నారు. 1990 ప్రాంతంలో హవాయి అడవుల్లో నెలల తరబడి వెతికారు. పడవకి సరిపడా కోవా చెట్టు ఒక్కటీ దొరకలేదు. కలప కోసమూ, పశువుల మేతకోసమూ అడవి అంతగా తరిగిపోయింది. అలాస్కా ఆదివాసులు తమ స్ప్రూస్ మానులు ఇస్తామన్నారు. అక్కడికి వెళ్లిన నైనోవాకి నరకమనడానికి నోరు రాలేదు. మన అడవిని పోగొట్టుకుని పక్కవాళ్ల చెట్టు ఎలా కొట్టేది? వెనక్కొచ్చి, బడిపిల్లలతో కలిసి వేలాది కోవా మొక్కలు నాటాకే ఆ మానులు తీసుకున్నారు. 1993లో హవాయిలోవా అనే పడవ తయారైంది.

సంరక్షణ అనే మాటకి నాకు నచ్చిన అర్థం ఇందులో ఉంది. అడవి పోతే మాను పోతుంది, మాను పోతే పడవ పోతుంది, పడవ పోతే దాన్ని నడిపే విద్యా, ఆ విద్యకున్న మాటలూ పోతాయి. సంస్కృతి ఒక క్లాసు, పర్యావరణం ఇంకో క్లాసు అని మనం చదువుకున్నాం. ఆ పిల్లలకి రెండూ ఒకే గుంతలో కనిపించాయి.

2014 నుంచి 2017 దాకా హోకూలేఅ ప్రపంచం చుట్టింది. ఆ యాత్ర పేరు మాలమ హొనువా, భూమిని సాకడం అని. దారిలో ఆగిన రేవుల్లో పిల్లలు పడవెక్కారు. మౌ 2010లోనే పోయాడు. ఆయన శిష్యులు అప్పటికే తర్వాతి తరానికి నేర్పుతున్నారు. ఆ కోవా మొక్కలు మాత్రం పడవ పరిమాణానికి రావాలంటే ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. నాటిన పిల్లలు బహుశా ఆ పడవ ఎక్కరు. తెలిసే నాటారు.