పదాఱు వన్నెల బంగారము

మేలిమి బంగారమును మనవారు 'పదాఱు వన్నెల బంగారము' అందురు. వర్ణశబ్దభవమైన 'వన్నె' యిచట రంగును మాత్రమే కాక లోహశుద్ధి తరమును గూడ తెలుపుచున్నది. బంగారమును రాతిపై ఒరసి, ఆ గీటు రంగును బట్టి శుద్ధిని నిర్ణయించుటయే ఈ యర్థమునకు మూలమని మేము తలంచుచున్నాము. సాహిత్యవిమర్శలో నేడు మనము వాడు 'గీటురాయి' అంగడినుండి వచ్చిన మాటయే. ఆ అంగడి విద్య యెట్టిదో యించుక పరిశీలింతము.

1909లో ఆర్. శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున రెండవ అధికరణము ఇందుకు ప్రధానాధారము. కళింగదేశపు రాయి గాని, తాపీనది రాయి గాని పెసరవన్నె గలదైనచో శ్రేష్ఠమైన నికషమని అందు గలదు. అంతకంటె విశేషము మఱియొకటి: గీటును మెఱుగుగా చూపు రాయి అమ్మువానికి హితము, గట్టిదై, గరుకై, గీటును మందముగా చూపు రాయి కొనువానికి హితము, ఇరువురకును హితమైన రాయి వేఱు. పరీక్షాసాధనమే పక్షపాతము వహింపగలదని శాస్త్రకారు డెఱుగును. గోటిసందున దాచిన గైరికమును గీటుపై రాల్చు మోసమును గూడ అతడు పేర్కొనెను. అందుచేతనే పరీక్ష్యమైన బంగారమును ముందు గీసి, పిదప ప్రమాణమైన బంగారమును గీసి, రెంటిని పోల్చవలెనని విధించెను.

ఇక సంఖ్య. సువర్ణ మొకటికి పదాఱు మాషములు. మాషమునకు నాలుగు కాకణులు. బంగారము నొక్కొక్క కాకణి చొప్పున తగ్గించి, అంత రాగిని చేర్చుచు, నాలుగు మాషముల వఱకు పోయినచో పదాఱు వర్ణకము లేర్పడును. కడపటి వర్ణకమున పదాఱింట పండ్రెండు పాళ్లు బంగారము. అనగా నేటి 18 క్యారెట్లు. తెలుగు నుడిలో పదాఱు పూర్ణశుద్ధికి గుర్తు. కౌటిల్యుని పదాఱును రాగి కలిసిన తరములే. సంఖ్య యొకటైనను కొలత యొకటి కాదు. అబుల్ ఫజలు అయినీ అక్బరీలో ఉత్తమసువర్ణమునకు హిందూదేశమున 'బారాబానీ' యను పేరు కలదనెను. అచట పూర్ణసంఖ్య పండ్రెండు. కావున ప్రాచీనరచనలలో వన్నెల సంఖ్య కనబడినంతనే దానిని క్యారెట్లలోనికి మార్చుట పరిశోధకులకు తగదు. ఏ మానమున పూర్ణసంఖ్య యెంతయో ముందు తేల్చుకొనవలెను.

గీటు పైపొరను మాత్రమే చెప్పును. లోన సీస ముంచి పైని బంగారురేకు కప్పిన నగను అది పట్టజాలదు. నిఘర్షణముతో పాటు ఛేదన, తాప, తాడనములను నీతిగ్రంథములు చెప్పుట యిందుకే. పైగా మేలిమి మెత్తని లోహము. నిత్యము ధరించిన వంగును, అరుగును. కనుకనే నగలలో రాగియో వెండియో కలుపుదురు. 22 క్యారెట్ల నగ, పూర్ణమునకు పదాఱు లెక్కించినచో, పదునాలుగు వన్నెల పైచిలుకు మాత్రమే.

2021 జూన్ 16 నుండి దేశమున దశలవారీగా హాల్‌మార్కు నిర్బంధమైనది. 22 క్యారెట్ల నగపై కానవచ్చు 916 అను అంకె, వేయింట అన్ని పాళ్లు బంగారమని తెలుపును. రాయి మాఱినది, లెక్క మాఱినది. కాని అమ్మువాని రాతిని కొనువాడు నమ్మవచ్చునా యను పాత ప్రశ్నకే ఈ ముద్రయు సమాధానము. 'గీటురాయి' యను మాటను వాడు విమర్శకులమైన మనము గూడ మన రాయి యెవరికి హితమో ఒకమాఱు విచారించుకొనుట మంచిది.