బొంద తవ్వెటోని లైసెన్సు

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో శవసంస్కారం జరిపించే పని చేపట్టాలంటే కాలేజీ చదువుండాలి. ఒకరి కింద కొంతకాలం పని నేర్చుకోవాలి. పరీక్ష రాసి సర్కారు లైసెన్సు పొందాలి. మా ఊర్ల మాదిగింట్ల పుడితే చాలు, లైసెన్సు ఉన్నట్టే. వద్దన్నా వాపసు తీసుకోరు.

చదువు లేదని కాదు. నాయిన మా తాత దగ్గర నేర్చుకున్నడు. రేగడి భూమిల వానాకాలం బొంద తీస్తే అంచులు కూలుతయి, వెడల్పుగ తియ్యాలె. పూడ్చినంక తుమ్మకంప కప్పాలె, లేకుంటే నక్కలు తోడుతయి. పసిగుడ్డుదైతే మీద బండ పెట్టాలె. ఇన్ని తెలిసినోణ్ని ఎవరూ పనిమంతుడు అనలే.

పటేలింట్ల సావైతే ఎండల ఊరూరు తిరిగి కబురు చెప్పాలె, కట్టెలు కొట్టాలె, డప్పు కొట్టాలె, బొంద తియ్యాలె. కూలి లేదు. కల్లం కాడ ఇన్ని గింజలు, పీనుగు మీది బట్ట. దీనికే వెట్టి అని పేరు. మా వాడల సావైతే మా బొంద మేమే తీసుకున్నం, అదీ ఊరి శ్మశానంల కాదు, చెరువు శిఖంల. హరిశ్చంద్ర నాటకంల కాటికాపరైన రాజును చూసి ఊరంతా ఏడ్చేది. పుట్టుకతోనే ఆ పనిల ఉన్న వీరబాహుని కోసం ఏడ్చినోణ్ని నేను చూడలే.

1950లో అమలుకొచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. పౌరహక్కుల రక్షణ చట్టంలో 1976 సవరణ, అంటరానితనం పేరుతో పశువు కళేబరం లాగించినా తోలు తీయించినా శిక్ష అన్నది. బొంద పేరెత్తలేదు. ఎస్సీ, ఎస్టీలతో ఇతర కులాలోళ్ళు బొందలు తవ్వించుడు నేరమని పేరు పెట్టి రాసింది 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలోనే. అది అమలైంది 2016 జనవరి 26న.

నాయిన అంతదాకా ఆగలే. 1991ల, చుండూరు నెత్తురు ఆరకముందే, పటేలింట్ల సావైంది. "కూలెంతో చెప్పున్రి పటేలా, వస్త" అన్నడు. ఆ ఒక్క మాటకు మూడు నెలలు మా వాడకు కూలి పిలుపు లేదు. కిరాణం కొట్టోడు ఉప్పు గూడ ఇయ్యలే. ఠాణాకు పోతే "సావుకాడ గూడ లెక్కలా" అన్నరు. ఆనాటి బొంద పటేలు జీతగాడు తీసిండు. వాడూ మావాడే. నాయిన మాత్రం మళ్ళ గడ్డపార పట్టలే.

ఇప్పుడు మా ఊర్ల బొంద జేసీబీ తీస్తది. డ్రైవరు గంటకింత అని ముందే చెప్తడు. ఎవరూ బేరమాడరు.