తేటపడిన నీళ్లు

ఆ వైశాఖంలో పెద్దమ్మ పెరటి కొలనులో బంగారు చేప ఒక్కటీ మిగల్లేదు. ఆ తెల్లవారుజామున నీళ్లు మాత్రం అంతకుముందెన్నడూ లేనంత తేటగా ఉన్నాయి. అడుగున సిమెంటు నెర్రెలు కూడా కనిపిస్తున్నాయి.

రాజమండ్రి ఇంట్లో పెదనాన్న కట్టించిన చిన్న కొలను అది. ఆయన పోయాక పెద్దమ్మ పొద్దులన్నీ ఆ గట్టు మీదే గడిచాయి. గుప్పెడు మరమరాలు చల్లితే చాలు, పరికిణీ కుచ్చిళ్లలాంటి తోకలు విప్పుకుంటూ అన్నీ ఆవిడ చేతి కిందికి చేరేవి.

మాఘంలో కలువ తీగలు పీకించారు, చెత్త పెరుగుతోందని. నీటి మీద సగం మేర ఆ ఆకుల నీడ ఉండి ఉంటే నాచుకు అంత వెలుగు అందేది కాదు. తినగా మిగిలిన మరమరాలు కుళ్లాయి, చేపల వ్యర్థం పేరుకుంది, ఎండ ముదిరింది. ఉగాదికల్లా నీళ్లు చిక్కటి పచ్చగా మారాయి.

అయ్యో, ఆ పచ్చదనం శత్రువు కాదు! చేపలు వదిలే అమ్మోనియాను ఆ నాచే తాగేది, పగలంతా ఊపిరి పోసేది. జపాన్‌లో గోల్డ్‌ఫిష్ పెంచేవాళ్లు, చేపలకు రంగు బాగా వస్తుందని, పచ్చనీళ్లను కావాలనే కాపాడుకుంటారు. ఈ మాట చెప్పేవాళ్లు ఆ వీధిలో ఎవరున్నారు? చుట్టాలొస్తే ఏమనుకుంటారని అన్నవాళ్లే అందరూ. చివరికెవరో మైలుతుత్తం తెచ్చిచ్చారు. కొంచెం కొంచెంగా కాదు, ఉన్నదంతా ఒక్కసారే కుమ్మరించారు.

మైలుతుత్తంలోని రాగి చేపల మొప్పలను కాల్చింది. చచ్చిన నాచు అడుగున చేరి కుళ్లుతూ, నీటిలోని ప్రాణవాయువును తోడేసింది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతాయి. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. వేసవి నీళ్లలో ఉన్నదే తక్కువ. రాత్రంతా ఖర్చే తప్ప జమ లేదు, తెల్లవారుజాముకు అది అట్టడుగుకు చేరుతుంది.

ముందు రోజు సాయంత్రమే చేపలన్నీ పైకొచ్చి, నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. అప్పుడైనా బోరు మోటారు వేసి, పైపు ఎత్తి పట్టి నీళ్లు ధారగా పోసి ఉంటే! సగం నీళ్లు తోడి కొత్తవి నింపి ఉంటే! కొన్నయినా దక్కేవేమో. పెద్దమ్మకు ఆ తెరిచిన నోళ్లలో ఆకలి కనిపించింది. "తినండమ్మా" అంటూ ఇంకో గుప్పెడు మరమరాలు చల్లింది. ఒక్కటీ ముట్టలేదు.

పెద్ద చేపలకంటే ఆ ఏడు పుట్టిన పిల్లల కోసమే ఆవిడ ఎక్కువ ఏడ్చింది. గోల్డ్‌ఫిష్ పిల్లలు బంగారు రంగుతో పుట్టవు. మట్టిరంగులో పుట్టి, నెలలు గడిచాక రంగు తేలతాయి. ఏది ఎర్రబడుతుందో, ఏది తెల్లబడుతుందో చూడాలని ఆవిడ రోజూ వంగి వంగి వెతుక్కునేది. ఒక్కదాని వీపు మీద మాత్రం అప్పుడప్పుడే నారింజ రంగు మొదలైంది.