చచ్చుబడటం

మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే బస్సులో నా పక్క సీటు పెద్దాయన ఎడమ పాదాన్ని రెండు చేతులా ఎత్తి లోపలికి పెట్టుకున్నాడు. చెప్పు జారకుండా మడమ వెనక పురికొస కట్టి ఉంది. బండి మీంచి పడ్డప్పుడు మోకాలి పక్కన నరం తెగిందట. "కాలు సచ్చిపొయ్యిందా?" అని వెనక సీటాయన అడిగితే, "సచ్చిపోలే నాయనా, సచ్చుబడింది" అన్నాడు.

ఆ దిద్దుబాటు నన్ను వదల్లేదు. మా వైపు కుప్పం దగ్గర మూడు భాషలు కలుస్తాయి. తెలుగు 'చావు' తమిళ, కన్నడ నోళ్లలో 'సావు'. మా పల్లెల్లోనూ అంతే. పసలేని సలహాను చచ్చు సలహా అంటాం. ఆ 'చచ్చు'కు 'పడు' చేర్చి, పకారాన్ని బకారంగా మెత్తబరిస్తే వచ్చిన మాట ఇది. చచ్చినట్టు ఉండటం వేరు, చావడం వేరు అని చెప్పే మాట.

చచ్చుబడ్డ కండలో పసలేదన్నదీ పూర్తి నిజం కాదు. నరం కొస కండను తాకే చోట అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. దాన్ని అందుకునే గ్రాహకాలు మామూలు కండలో ఆ కాస్త చోటే కిక్కిరిసి ఉంటాయి. నరం తెగితే కొద్ది రోజుల్లోనే కండపోగు పొడవునా పుట్టుకొస్తాయి. ఒంటినిండా చెవులు మొలిచినట్టు. కండ ఒళ్లంతా ఇలా సున్నితమవుతుందని 1959లో ఆక్సెల్సన్, థెస్లెఫ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఇలా ఎందుకవుతుంది? నరం నుంచి ఏదో పదార్థం అందకా, కండకు పనిలేకా? 1972లో లోమో, రోజెంతాల్ నరం తెగిన ఎలుక కండకు నేరుగా కరెంటు ఇచ్చి పని చేయించారు. నరం లేకున్నా, ఆ సున్నితత్వం మళ్లీ పాత చోటికే కుదించుకుంది.

ఆ తర్వాత సంగతి జన్యువుల దాకా వెళ్లింది. విద్యుత్తు కండ మీదుగా పారినప్పుడల్లా కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కబురు కేంద్రకాలకు చేరి గ్రాహకాల జన్యువులను అణచి ఉంచుతుంది. నరం కింది కొద్ది కేంద్రకాలకు మాత్రం నరమే విడిగా సంకేతమిచ్చి పని చేయించుకుంటుంది. విద్యుత్తు ఆగితే మిగతావన్నీ మేలుకుంటాయి. తల్లి కడుపులో నరం ఇంకా చేరకముందు చేసుకున్న పాతరకం గ్రాహకాలనే మళ్లీ చేస్తాయి.

అందుకే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు ఇలాంటి కాలు సంగతి తప్పక చెప్పాలి. కండలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇస్తే ఆ గ్రాహకాలన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. పొటాషియం రక్తంలోకి ఎగదన్ని గుండె ఆగవచ్చు.

కండ ఎల్లకాలం ఎదురుచూడదు. నరం తిరిగి చేరకపోతే సన్నబడుతూ పోతుంది. పెద్దాయన మోకాలి కింద ముందువైపు కండ అప్పటికే సగమైంది. దాన్ని అరచేత్తో రుద్దుకుంటూ, పరీక్ష చేసిన రోజు సంగతి చెప్పాడు. "సూది గుచ్చి మిషన్ పెట్టినారు. నేను కాలు కదిలించనేలేదు. రేకుల మింద సినుకులు పడినట్టు ఒకటే సప్పుడు."