కృష్ణా ముఖద్వారంలో పానశాల: పంచ్ మొదలు కల్లుపాక వరకు

1632 సెప్టెంబరు 28 నాటి ఒక ఇంగ్లీషు ఉత్తరంలో ‘పంచ్’ అనే మాట ఉంది. దాన్ని రాసినవాడు రాబర్ట్ ఆడమ్స్. అందుకోవలసినవాడు పెద్దపల్లిలోని వర్తకుడు కోలీ. ఈ పెద్దపల్లి నేటి నిజాంపట్నం. దివిసీమకు పడమట ఉన్న రేవు. అక్కడివారంతా కలసిమెలసి ఇల్లు చక్కగా నడుపుకుంటారనీ, పంచ్‌ను కొలత పెట్టుకోకుండా తాగుతారనీ ఆశిస్తున్నట్టు ఉత్తరంలో ఉంది. ఒక పానీయం పేరుగా ‘పంచ్’ ఇంగ్లీషులో లిఖితరూపంలో కనిపించే తొలి ప్రయోగంగా నిఘంటుకర్తలు ఈ వాక్యాన్నే చూపుతున్నారు. పదచరిత్ర కోసం తరచుగా ఉదహరించే ఈ వాక్యం సామాజిక చరిత్రకూ అంతే విలువైనది. ఇల్లు, స్నేహం, పానీయం మూడూ ఒకేచోట కలిసిన తావును అది చూపుతుంది. ఈ ప్రాంతపు మద్యపానాన్ని గురించి తరవాత వచ్చిన ప్రభుత్వ పత్రాలలో ఆ కలయిక దాదాపు కనిపించదు.

సారా, పంచదార, నిమ్మరసం, నీరు, సుగంధద్రవ్యం అనే ఐదింటి వల్లనే పంచ్‌కు ఆ పేరు వచ్చిందన్న వివరణ ప్రసిద్ధం. 1673లో మచిలీపట్నంలో దిగిన జాన్ ఫ్రయర్ 1698లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఇదే చెప్పాడు. ఓడల్లో వాడే పీపా పేరు నుండి వచ్చిందనేవారూ ఉన్నారు. ‘పంచామృతం’ ఎరిగిన తెలుగు పాఠకుడికి మొదటి వివరణే సహజంగా తోచవచ్చు గాని, సహజంగా తోచడం నిరూపణ కాదు. వ్యుత్పత్తి ఎటు తేలినా, ఈ తీరంలోని వర్తకుల బల్లమీదికి ఆ పానీయం 1632 నాటికే చేరిందన్నది మాత్రం స్పష్టం.

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నం చేరారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అన్న పేర్లలో ఆ విదేశీ వర్తకుల జాడ నేటికీ నిలిచి ఉంది. కంపెనీ స్థావరాలలో ఉద్యోగులు ఉమ్మడి బల్ల దగ్గర భోంచేసేవారు. పారశీక రేవులతో మచిలీపట్నానికి నడిచిన ఓడవర్తకం షిరాజ్ ద్రాక్షసారాను ఈ తీరానికి దగ్గర చేసింది. అయితే ఆ బల్ల ఊరివారిది కాదు.

ఊరివారికి భోజనశాల వేరు, పానశాల వేరు. ‘క్రీడాభిరామం’లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగంటిలో భోజనానికి వెళ్ళిన పూటకూళ్ళ ఇల్లు ఇందుకు పాత సాక్ష్యం. ఒక రూకకే కడుపునిండా పెట్టే ఆ భోజన వర్ణనలో మద్యం ఊసు లేదు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువడినప్పటి నుండి ఈ కావ్యాన్ని జనజీవన ఆధారంగా చదవడం పరిపాటి అయింది. కాని పూటకూళ్ళ ఇంటికి దక్కిన పరిశోధకుల చూపు కల్లుపాకకు దక్కలేదు. 1991లో లండన్‌లోని ‘ఈగిల్’ పానశాల మంచి వంటను మద్యం సరసన నిలిపినప్పుడు దానికి ‘గాస్ట్రోపబ్’ అనే కొత్త పేరు పుట్టింది. కల్లుపాకలో ఆ సరసకు అంతకు ముందే మాట ఉంది: నంజు. కల్లులోకి నంజుకునేది ఎక్కువగా ఆ నేలదే, ఆ నీటిదే. దివిసీమ తీరాన ఎండుచేపలు, ఎండురొయ్యలు. గుడివాడ వైపు పొలాల నడుమ ఉడికించిన గుగ్గిళ్ళు. తాటాకు దొప్ప పట్టుకుని చెట్టునీడన కూర్చున్నవారి మధ్య కూలిరేట్లు, కాలువ నీళ్ళు, ఊరి తగవులు మాటల్లోకి వచ్చేవి. అది తాగే చోటే కాదు, కబురు చేరే చోటు కూడా.

ప్రభుత్వ పత్రాలు చూసింది మరొకటి. గోల్కొండ రాజధానిలో కల్లు వాడకం రాజుకు పెద్ద ఆదాయమని పదిహేడవ శతాబ్దంలోనే టావెర్నియే గమనించాడు. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక మాగాణి విస్తరించింది. కాలువగట్లమీద, పొలంగట్లమీద నిలిచిన తాటిచెట్టు ఆ తరవాత 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం పరిధిలోకి వచ్చింది. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం: రెండూ వేర్వేరుగా లెక్క కట్టడంతో గీసేవాడు ఒకడు, అమ్ముకునే హక్కు కొన్నవాడు మరొకడు అయ్యారు. కల్లుపాక చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే అనవచ్చు, మద్యనిషేధం కాదు. సహాయ నిరాకరణ కాలంలో దుకాణాల ముందు జరిగిన పికెటింగు, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా విస్తరించిన నిషేధం, 1995 జనవరిలో వచ్చి 1997లో సడలిన నిషేధం గురించి పత్రికలలో, శాసనసభ చర్చలలో కావలసినంత సమాచారం దొరుకుతుంది. వాటిలో సారా వల్ల చితికిన కుటుంబాల గోడు ఉంది. దాన్ని తక్కువ చేయరాదు. అయితే తాటికల్లును, కాంట్రాక్టరు సారాను ఒకే గాట కట్టి చూసిన చర్చలలో గీతపనివాడి బతుకు మరుగున పడింది.

ఈ లోటు తీరే దారి దస్తావేజులలో కన్నా పలుకుబడిలో ఎక్కువగా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయం మీద, 1971లో చేనేత మీద మాండలిక వృత్తి పదకోశాలు వెలువడ్డాయి. పనిముట్టును, పనిని, మాటను కలిపి నమోదు చేసిన ఆ పద్ధతి గీతవృత్తికీ చక్కగా సరిపోతుంది. మోకు, గీతకత్తి, లొట్టి, ముంత, నంజు మొదలైన మాటలను అవనిగడ్డ, నాగాయలంక, గుడివాడ పరిసరాలలో చెట్టెక్కినవారి నోటనే సేకరించాలి. లొట్టి దించాక ఎవరు ఎక్కడ కూర్చునేవారో, ఎవరికి ఏ దొప్పలో పోసేవారో, ఏ కులంవారు ఎంత ఎడంగా ఉండేవారో అప్పుడే అడగాలి.